గోడౌన్‌లో నలభై ఒక్క తప్పులు

గుంటూరు బ్రాడీపేటలో, రిటైరైన లెక్కల లెక్చరరు రాధాకృష్ణమూర్తి గారి ముందుగది. శనివారం ఉదయం. మంగళగిరిలోని ఒక కంప్యూటరు ఆటల కంపెనీ నుంచి జాస్మిన్ అనే అమ్మాయి వచ్చి గంటయింది. వంటింట్లో ఆయన భార్య సీతారత్నం ఉన్నారు.

"అది తప్పు కాదమ్మా."

"తప్పే సార్. చూడండి, ఇది ఏడో అంతస్తు. మిర్చి ఘాటుకి హీరో తుమ్ముతాడు. తుమ్మగానే ఆగిపోతాడు."

"తుమ్మితే ఆగరూ?"

"ఒక్క అడుగు ఆగితే పర్లేదు సార్. ఇక్కడ హీరో ఆగగానే వెనకాల ఎలుక తుమ్ముతుంది. దానికోసం మళ్లీ ఆగుతాడు. ఈలోగా దొంగ తుమ్ముతాడు. వాడికోసం ఎలుక కూడా ఆగుతుంది. ఎవరు తుమ్మినా అందరూ ఆగుతారు. మా నాన్న ఒకసారి ఏడో అంతస్తులో మూడు రోజులు ఇరుక్కుపోయాడంట."

"మూడు రోజులా? ఎవరమ్మా మీ నాన్న?"

"సాల్మన్ సార్. ప్రత్తిపాడు. తొంభై మూడులో మీ కాలేజీలోనే చదివాడు. ల్యాబులో కూర్చుని మీరు రాసిన 'గోడౌన్' ఆడీ ఆడీ ఇంటర్ రెండుసార్లు రాశాడు."

"సాల్మన్. వెనక బెంచీ. లాగరిథమ్ పుస్తకం మధ్యలో పల్లీలు పోసుకునేవాడు."

"ఆయనే సార్. ఆ పల్లీలు ఇప్పటికీ మానలేదు. సార్, ఒక్కమాట. నేను గంట నుంచి మూడో తప్పు దగ్గరే ఉన్నాను. మొత్తం నలభై ఒకటున్నాయి. అన్నీ సరిచేశాం. మీరు ఈ కాగితం మీద సంతకం పెడితే మేం కొత్తగా చేసిన 'గోడౌన్' విడుదలవుతుంది. సాయంత్రం ఐదులోపు ఇది ఆఫీసుకి చేరకపోతే ఆపేస్తారు. రెండేళ్ల పని సార్. సోమవారం నుంచి మా నలుగురినీ పెళ్లి శుభలేఖల యాప్‌లో పడేస్తామన్నారు."

"శుభలేఖలు మంచివేగా."

"కదిలే వినాయకుడు సార్. తొండం ఎటు తిప్పాలని అడిగితే ముగ్గురు పెద్దవాళ్లు మూడు రకాలు చెప్పారు. నాకొద్దు సార్ ఆ పని. నేను ఆటలు చెయ్యడానికే చదువుకున్నాను."

"ఎవరు కాదన్నారు. ముందు ఆ తుమ్ము మళ్లీ పెట్టు."

"సరే, తప్పులు కాసేపు పక్కనపెడదాం. బాగు చేసినవి చూపిస్తాను, అప్పుడైనా మీ మనసు కరుగుతుందేమో. పాత ఆటలో ఏముండేది? నల్ల తెర, తెల్ల అక్షరాలు. హీరో అంటే @ గుర్తు, ఎలుక అంటే ఇంగ్లీషు 'ఈ', దొంగ అంటే 'డీ'. ఇప్పుడు చూడండి."

"ఎలుకకి తోకుంది."

"ఊపుతుంది కూడా."

"ఈ దీపం వెలుగు... గోడ మీద కదులుతోందే. బస్తాల నీడలు కూడా పడుతున్నాయి. అప్పట్లో నాకు వెలుగంటే చుక్కలమ్మా. చుక్కలున్న చోట కనపడుతుంది, లేనిచోట కనపడదు, అంతే. ఇది బాగుంది. చాలా బాగుంది."

"హమ్మయ్య. ఇక అసలు సంగతులు ముట్టుకోలేదు సార్. మనం ఒక అడుగేస్తే మిగతా అందరూ ఒక అడుగేస్తారు. ఆడిన ప్రతిసారీ గోడౌన్ కొత్తగా మారిపోతుంది. చస్తే చచ్చినట్టే, మళ్లీ మొదటి అంతస్తు నుంచి దిగాల్సిందే. ఈ రకం ఆటలకి అదే ప్రాణం కదా."

"మీసాలేంటి?"

"హీరో సార్."

"ఆమెకి మీసాలెందుకు?"

"ఆమె?"

"అతనికి. అతనికి అన్నాను."

"ఆమె అన్నారు సార్."

"ముప్పై ఏళ్లు క్లాసులో అరిచిన గొంతు, అటూ ఇటూ అవుతుంది. ఇంకో తప్పేదైనా చదువు."

"పదకొండు. మూడో అంతస్తులో బుడే అనే అతని కొట్టు. బుడే ఉప్పు ఇస్తాడు, హీరో తీసుకోడు. సంచిలో చోటున్నా తీసుకోడు. బుడే చెయ్యి చాపి నిలబడతాడు, వీడూ ఎదురుగా నిలబడతాడు. ఎంతసేపైనా అంతే. బుడే చచ్చి ఉప్పు నేలమీద పడితే అప్పుడు వంగి తీసుకుంటాడు. అంటే ఉప్పు కోసం కొట్టువాణ్ణి చంపాలి. పిల్లలాడే ఆట సార్ ఇది."

"చంపక్కర్లేదు. 'కింద పెట్టు' అని టైపు చేస్తే పెడతాడు."

"ఆ సంగతి ఎక్కడ రాశారు?"

"రాయడమెందుకు, ఎవరికైనా తెలుస్తుందనుకున్నా."

"ముప్పై ఏళ్లుగా జనం బుడేని చంపుతున్నారు సార్."

"అమ్మాయ్, ముందు పెసరట్టు తిను. పొద్దుటి నుంచి వంటింట్లోకి చంపుకోవడాలు, చావడాలు, ఇవే మాటలు వినపడుతున్నాయి. పొరుగువాళ్లు వింటే ఏమనుకుంటారు."

"అయ్యో, మీకెందుకాంటీ శ్రమ. మీరూ కూర్చోండి, తిందాం."

"నాకొద్దమ్మా. ఇవాళ శనివారం, మధ్యాహ్నం ఒక్కపూటే."

"రత్నం, చట్నీలో ఉప్పు తక్కువైంది."

"తక్కువైతే తక్కువైందని మెల్లిగా చెప్పొచ్చు. పరాయిపిల్ల ముందు చాటింపు వెయ్యక్కర్లేదు. ఇదిగో తెస్తున్నా."

"ఇటివ్వండి ఆంటీ, నేను సార్‌కి ఇస్తాను."

"చేతికివ్వను. ఇక్కడ బల్ల మీద పెడుతున్నా, తీసుకో."

"ఎందుకాంటీ?"

"ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయమ్మా. మీ ఇంట్లో చెప్పరా?"

"సార్."

"తినమ్మా, చల్లారిపోతుంది."

"సార్, పదకొండో నంబరు."

"అల్లం చట్నీ కూడా వేసుకో."

"ఆంటీ, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోవద్దు. మీరు బయటికెళ్తుంటే ఎవరైనా తుమ్మారనుకోండి. ఏంచేస్తారు?"

"ఆగుతాను. అందరూ ఆగుతారుగా."

"ఎలుక తుమ్మితే?"

"ఎలుక తుమ్మగా నేనెప్పుడూ వినలేదు. వింటే ఆగుతాను."

"పంతొమ్మిదో నంబరు వినండి ఆంటీ. హీరో సంచిలో అన్నం ఉంటుంది, ఆకలితో కళ్లు తిరుగుతుంటాయి, అయినా వారంలో ఒకరోజు రాత్రిపూట ముద్ద ముట్టడు. మిగతా ఆరు రోజులు శుభ్రంగా తింటాడు. దాని లెక్క దొరక్క మా ఆఫీసులో సాయికౌశిక్ నాలుగు నెలలు జుట్టు పీక్కున్నాడు."

"వాళ్లింట్లో శనివారాలు లేవా?"

"వాడికి శనివారమంటే సెలవాంటీ."

"జాస్మినూ, ఆ ల్యాప్‌టాప్ మూసెయ్యమ్మా. బ్యాటరీ అయిపోతుంది."

"ఎందుకు మూస్తుంది. ఏదమ్మా, ఇటు చూపించు. కళ్లజోడు తెచ్చుకుంటానుండు. ఆఁ. ఈ మీసాలాయన ఎవరు?"

"మీరే ఆంటీ."

"ఎవరూ?"

"మీరే. ఉప్పు చేతికి తీసుకోరు, ఎలుక తుమ్మినా ఆగుతారు, శనివారం రాత్రి తినరు. మేం తప్పులనుకుని అన్నీ సరిచేసేశాం. సార్, అవునా కాదా?"

"ఏమండీ, మిమ్మల్నే. ఆ పిల్ల అడుగుతోంది."

"మీసాలు నేను పెట్టలేదు."

"అది కాదు అడిగింది."

"నేను @ గుర్తే పెట్టాను. గుండ్రంగా, చుట్టూ కొంగు కప్పుకున్నట్టు ఉంటుంది. నాకు నువ్వలాగే కనపడ్డావు. వీళ్లు మగవాడనుకున్నారు, నేనేం చెయ్యను."

"ఎప్పటి నుంచి ఉన్నాను అందులో?"

"తొంభై రెండు నుంచి."

"అప్పటి నుంచి జనం నన్ను ఆడుతున్నారు?"

"గుంటూరు, చిలకలూరిపేట, నరసరావుపేట. ఫ్లాపీల్లో ఎక్కి ఒంగోలు దాకా పోయింది."

"ఆడితే ఏమవుతుంది?"

"ఎక్కువగా చచ్చిపోతావు."

"దేంతో?"

"ఆకలితో."

"శనివారమా?"

"శనివారమే."

"మూడు జిల్లాల కుర్రాళ్లు ముప్పై ఏళ్లపాటు నన్ను పస్తులుంచి చంపారు. మీరు పక్కనే కూర్చుని కాఫీ తాగారు."

"సారీ ఆంటీ, మా నాన్న ఒక్కడే ఓ నాలుగొందలసార్లు చంపుంటాడు."

"ఏంచేస్తుంటారమ్మా మీ నాన్న?"

"మిర్చి కోల్డ్‌స్టోరేజిలో సూపర్‌వైజరు. మా చర్చిలో పెద్ద కూడా."

"చర్చిలో పెద్ద అయ్యుండి నాలుగొందలసార్లా. ఒకసారి తీసుకురా. అట్టేస్తాను. మనిషిని చూడాలి. ఇంతకీ, ఆ గోడౌన్లో నాకేం పనండీ? ఎందుకు దిగుతున్నాను?"

"అట్టడుగున, ఇరవై ఆరో అంతస్తులో, ఒక వస్తువుంటుంది. అది పైకి తేవాలి."

"ఏ వస్తువు?"

"స్టీలు క్యారియరు."

"ఏ క్యారియరు?"

"మూడు గిన్నెలది."

"మా అమ్మ పెట్టిందా? మీరు కాలేజీకి తీసుకెళ్లి పారేసుకొచ్చిందా?"

"అదే."

"పారేసింది మీరు, వెతకడానికి దిగింది నేనా?"

"నాకు దొరకలేదు మరి."

"నాకైనా దొరికిందా?"

"దొరుకుతుంది ఆంటీ, బాగా ఆడేవాళ్లకి. మా నాన్నకి ఒక్కసారి దొరికింది. తీసుకుని ఇరవై ఆరు అంతస్తులూ ఎక్కి తలుపు దాకా వచ్చాడు. కానీ అక్కడ ఆర్ అని ఒక అక్షరం ఉంటుంది."

"ఆర్ ఎవరు?"

"రత్నం, అట్టు మాడిన వాసన వస్తోంది."

"స్టవ్ కట్టేసే వచ్చాను. చెప్పమ్మా, ఆర్ ఎవరు? కరుస్తుందా?"

"కరవదు ఆంటీ. కొట్టదు, తిట్టదు, ఎవర్నీ కాపాడదు. అసలు కదలదు. తలుపు పక్కన కూర్చుని ఉంటుంది. హీరో గడప దాటబోతుంటే వెనకనుంచి 'ఎక్కడికి?' అని అడుగుతుంది."

"రామ రామ. బయల్దేరేవాళ్లని ఎక్కడికని అడగొచ్చా?"

"అందుకే మీరు వెనక్కి వచ్చేస్తారు. కూర్చుంటారు, మంచినీళ్లు తాగుతారు, మళ్లీ లేచి గడప దాకా వెళ్తారు. అది మళ్లీ ఎక్కడికి అంటుంది. మళ్లీ వస్తారు, మళ్లీ నీళ్లు. దీపంలో నూనె అయిపోతుంది, శనివారం వచ్చేస్తుంది. మా నాన్న అక్కడే పోయాడు. అంటే, మీరు అక్కడే పోయారు."

"దాని నెత్తిన ఒకటి వెయ్యరాదూ?"

"కత్తి ఎత్తితే 'పోనీలే పాపం' అని తెర మీద వస్తుంది. కత్తి దానంతటదే సంచిలోకి వెళ్లిపోతుంది."

"ఆర్ అంటే రాధాకృష్ణమూర్తేగా."

"అలా అని నేనెక్కడా రాయలేదు."

"రాయక్కర్లేదు. కొట్టదు, కదలదు, కూర్చుని ఎక్కడికని అడుగుతుంది. ఇంతకంటే బాగా ఎవరూ రాయలేరు. ఆ ఆర్‌ని చూపించమ్మా, దానికీ మీసాలున్నాయా?"

"లేదాంటీ."

"మీసాలు లేవా?"

"ఆరే లేదాంటీ. తీసేశాం. నలభై ఒకటో తప్పు. సార్, నిజంగా మీరని తెలీదు సార్. ఏ పనీ చెయ్యట్లేదు, ఊరికే కూర్చుందని తీసేశాం. ఇప్పుడు క్యారియరు తెస్తే తలుపు తెరుచుకుంటుంది. గడప దాటితే గెలిచినట్టు."

"విన్నావా రత్నం? నన్ను తీసేశారు."

"విన్నాను. ఆటేగా, పోనివ్వండి."

"పోనివ్వను. అందుకే సంతకం పెట్టను. గంట నుంచి తుమ్ములనీ ఉప్పనీ నానుస్తున్నది అందుకే."

"సార్, సార్, ఒక్క నిమిషం. మీసాలు ఇవాళే తీసేస్తాం. చీర కడతాం. తుమ్ము పెడతాం, ఉప్పు నేలమీద పెట్టిస్తాం, శనివారం పస్తు పెడతాం. సాయికౌశిక్‌కి నేను చెప్పుకుంటాను. నలభై తప్పులూ మీవి మీకు తిరిగిచ్చేస్తాను సార్, ఈ ఒక్కటీ వదలండి. గెలవడానికి దారే లేని ఆట ఎవరు కొంటారు?"

"గెలవడానికి రాయలేదమ్మా."

"మరెందుకు రాశారు?"

"వెనక్కి రావడానికి రాశాను."

"ఏమిటండీ ఆ మాటలు. సూటిగా చెప్పి ఏడవండి, పాపం ఆ పిల్ల ఉద్యోగం."

"నీకు గుర్తుండదు. తొంభై రెండు, మే నెల. రోహిణి ఎండలు. మనం తొమ్మిది రోజులు మాట్లాడుకోలేదు."

"మీరు మాట్లాడలేదు. మా అమ్మ క్యారియరు ఏదని నేనొక్క మాట అడిగాను. దానికి మీరు మూతి బిగించుకున్నారు. నేను గోడతోనైనా మాట్లాడుతూనే ఉన్నాను."

"సరే, నేనే. పదో రోజు నువ్వు సంచి సర్దుకున్నావు. చెప్పులేసుకున్నావు. గడప దాటుతుంటే వెనకనుంచి ఎక్కడికి అన్నాను. తొమ్మిది రోజుల తర్వాత నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది."

"అంతకంటే మంచి మాట దొరకలేదు మీకు."

"అపశకునమని తెలిసే అన్నాను. తుమ్మితే ఆగేదానివి, ఎక్కడికంటే ఆగవా అనుకున్నాను. నువ్వు ఆగలేదు. వెళ్లిపోయావు. సెలవుల్లో కాలేజీలో దొంగల భయమని ప్రిన్సిపాలుగారు ఒక కంప్యూటరు మనింట్లో పెట్టించారు, గుర్తుందా? దాని ముందు కూర్చున్నాను. భయమేసింది రత్నం. ఏంచెయ్యాలో తెలీక ఒక గది గీశాను. అందులో నిన్ను పెట్టాను. ఒక తలుపు పెట్టాను. తలుపు పక్కన నన్ను పెట్టుకున్నాను. నువ్వు గడప దాకా వెళ్తావు, నేను అడుగుతాను, నువ్వు వెనక్కి వస్తావు. అదొక్కటే రాశాను ఆ పూట. ఎలుకలూ దొంగలూ అవన్నీ తర్వాత కలిపినవే."

"సార్..."

"విను జాస్మినూ. మూడు గంటల తర్వాత ఈవిడ నిజంగానే తిరిగొచ్చింది. చెప్పులు విప్పింది. అదిగో ఆ కుర్చీలోనే కూర్చుంది. మంచినీళ్లు తాగింది. ఒక్క మాట అనకుండా లోపలికెళ్లి బియ్యం కడిగింది. నేను రాసింది రాసినట్టు జరిగింది. అప్పుడు తెలిసింది నాకు, ఆ మాట పనిచేసిందని. సగం దూరం పోయాక అయినా మనసులో తగిలి ఉంటుందని. మూడు గంటలు ఆలోచించుకుని నాకోసం వచ్చింది. నువ్వేమో ఆ మాట ఏ పనీ చెయ్యట్లేదని తీసేశావు. నా సంసారం దానిమీద నిలబడిందమ్మా."

"ఇప్పుడు సంతకం అడగాలంటే నాకు నోరు రావట్లేదు సార్. శుభలేఖలే చేసుకుంటాను. ఏడిపించేశారు."

"నువ్వాగమ్మా, కళ్లు తుడుచుకో. ఏమండీ, ఆ మూడు గంటలు నేనెక్కడున్నాననుకున్నారు?"

"ఎక్కడో నడుస్తూ ఉండుంటావు. ఆలోచిస్తూ."

"బస్టాండులో కూర్చున్నాను."

"అదే, కూర్చుని ఆలోచిస్తూ."

"అద్దంకి బస్సు కోసం."

"అద్దంకా?"

"మా అక్క దగ్గరికి. మూడు గంటలు చూశానండీ. రాలేదు. ఆ పూట ఆ రూట్లో బస్సులు తిప్పలేదని చివరికి ఎవరో చెప్పారు. ఎండకి కళ్లు తిరుగుతుంటే ఇంటికొచ్చాను. అందుకే మంచినీళ్లు తాగింది."

"మరి నేనన్న మాట?"

"విన్నాను. విని ఇంకాస్త గబగబా నడిచాను."

"బస్సు వచ్చుంటే?"

"ఎక్కేదాన్ని."

"ఎక్కి?"

"సీటు దొరికితే కూర్చునేదాన్ని."

"వెళ్లిపోయేదానివన్నమాట."

"మరి బస్సెక్కేది ఎందుకండీ."

"మర్నాడు బస్సులు తిరిగాయిగా. మర్నాడు వెళ్లలేదే నువ్వు?"

"అప్పటికి సంచి విప్పేశాను. చీరలన్నీ మళ్లీ ఎవరు మడతపెడతారు."

"అంతేనా?"

"అంతే. మర్నాడు మీరే వచ్చి చారు బాగుందన్నారు. చారు బాలేదు ఆరోజు, చింతపండు ఎక్కువైంది. అయినా అన్నారు. సర్లే, ఉందాంలే అనుకున్నాను."

"చారు బాగుందన్నానా? నాకు గుర్తులేదు."

"మీకెందుకు గుర్తుంటుంది. మీరు తలుపు దగ్గర కూర్చున్నదే గుర్తు పెట్టుకున్నారు."

"సార్, నేను వెళ్లొస్తాను. మీరిద్దరూ మాట్లాడుకోండి."

"కూర్చో అమ్మా. ఆ కాగితం ఇటివ్వు. పెన్ను."

"నిజంగా పెడుతున్నారా సార్?"

"ఎక్కడ పెట్టాలి, ఇక్కడేనా? ఇదిగో. ఐదు కాలేదుగా. ఆ తలుపు తెరిచే ఉంచు. ఆర్ లేకపోయినా పర్లేదు."

"ఆర్‌ని మళ్లీ పెడతాం సార్. పక్కన కూర్చుని అడుగుతుంది. ఆమె ఆగదు, అంతే."

"అడగనిస్తారా? అయితే చాలు."

"ఆంటీ, మీసాలు కాకుండా మీరింకేమైనా మార్చమంటారా? హీరో మీరు, మీ మాట కూడా రాసుకుంటాను."

"ఉత్త తలుపు తీస్తే ఏం లాభమమ్మా. బయట అద్దంకి బస్సు ఒకటి పెట్టు, టైముకి వచ్చేది."